రాతి పూజారి పాదాల దగ్గర

ఏటి పడమటి గట్టు ఇసుకలో పడుకున్న మా నాన్న మహూకి,

ముందు ఈ గిన్నెలో రొట్టె తిను. అడుగున రాసింది తర్వాత చదువు. నీకు చదువు రాదని తెలుసు. పోయినవాళ్లకి అన్నీ వస్తాయంటారుగా. నాకూ ఎవరూ నేర్పలేదు. మేస్త్రీ రాళ్ల మీద గీస్తుంటే దొంగచూపులు చూసి నేర్చుకున్నాను.

నువ్వు ముఖం చెక్కి వదిలేసి పోయిన హోరి పూజారి బొమ్మ పూర్తయింది. నల్లరాతిలో, మోకాళ్లు ముడుచుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒంటినిండా అక్షరాలే, అన్నీ నేనే చెక్కాను. గుడికి వచ్చేవాళ్లు ఆయన పేరు చదివి పలకాలట. ఆయన పోయాక, అలా పలికినప్పుడల్లా ఆయనకు రొట్టె, బీరు అందుతాయట. మరి నీకు? నీకు రాయి లేదు. చాపలో చుట్టి పెట్టాం. అమ్మా నేనూ పోయాక నీ పేరెత్తేవాడే ఉండడు.

ఒక మూల నీ పేరు చెక్కుకుంటానని మేస్త్రీ పెంబుని అడిగాను. "నీ చెప్పుల మీద చెప్పులు కుట్టినవాడి పేరుందట్రా?" అని నవ్వాడు. నా కాళ్లకి చెప్పులే లేవని ఆ మహానుభావుడికి కనపడలేదు.

అందుకే చేసేశాను. బొమ్మను పక్కకి పడుకోబెట్టి ఉంచారు. మధ్యాహ్నాలు అందరూ కునుకు తీస్తుంటే పీఠం అడుగున నీ పేరు చెక్కాను. గుళ్లో నిలబెట్టేదాకా ఎవరి కంటా పడకుండా నువ్వే చూసుకో. చూసుకోకపోయావా, పండక్కి నీకు ఉల్లిపాయ కూడా తేను.

కోపంగా ఉన్నా నీ కొడుకే,
ఇపూయ్


నాన్నా,

నువ్వేమీ చూసుకోలేదు. అయినా ఈసారి గిన్నెలో బాతు ముక్క పెట్టాను, తిను.

బొమ్మను గుడికి తరలించే రోజు హోరి పూజారి తానే వచ్చాడు. ఎత్తుతుంటే వంగి అడుగు చూశాడు. మేస్త్రీ ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను దాక్కోలేదు.

"నేనే చెక్కాను. మా నాన్న పేరది. మీ ముఖం చేసింది ఆయనే," అన్నాను.

"అయ్యా, ఈ వెధవ చెయ్యి విరగ్గొట్టిస్తాను!" అన్నాడు మేస్త్రీ.

"నువ్వుండవయ్యా," అని పూజారి నావైపు తిరిగాడు. "ఏరా, బుద్ధిలేనివాడా! అడుగున పెడితే ఎవడు చదువుతాడు? చదవకపోతే ఎవడు పలుకుతాడు? మీ నాన్నని ఆకలితో మాడుస్తావా?"

నిజమే, నాన్నా. ఇన్ని అక్షరాలు చెక్కిన నాకు ఆ మాటే తట్టలేదు.

"మీ నాన్న నన్నెంత ఏడిపించాడో తెలుసా? 'కదలకండి అయ్యగారూ, మీ ముక్కుకి రాయి చాలట్లేదు' అనేవాడు." ఆయన నవ్వాడు. "మా ఇంటావిడ పోయాక నేను ఒంటరిగా తినలేదురా. గుడి కాపలావాళ్లని పిలుచుకుని తింటాను. పోయాక అక్కడికెళ్లి ఒక్కణ్నే తినమంటావా? పాదాల దగ్గర చోటుంది, చెక్కు."

చెక్కాను: "ఈ ముఖం చేసినవాడు మహూ. ఇతనికీ పెట్టండి." మేస్త్రీ నా వెనకే నిలబడి, "ఆ గీత ఇంకాస్త లోతుగా పోనియ్యరా," అని గొణిగాడు. లోతుగానే పోనిచ్చాను.

ఇవాళ గుడి ముందు ఆవరణలో బొమ్మను కూర్చోబెట్టారు. అమ్మ నీ పేరు వేలితో తడుముతుంటే, దారినపోయే లేఖకుడొకడు ఆగి పైకి చదివాడు. ముందు హోరి, తర్వాత నువ్వు. అమ్మ కొంగులో ఉన్న ఉల్లిపాయలన్నీ అతని చేతిలో పోసేసింది. నీ వాటా కూడా అందులోనే పోయింది, తిట్టుకోకు.

హోరి ఇంకా నిక్షేపంగా బతికే ఉన్నాడు. అంటే ఆయన వచ్చేదాకా ఇద్దరి రొట్టే నీదే. అంతా తినేయక, ఆయనకీ కాస్త మిగిల్చిపెట్టు.

కోపం తీరిన నీ కొడుకు,
ఇపూయ్