స్టెప్నీ తాళం

ఫిబ్రవరి 23, సోమవారం
పొద్దున్న ఎనిమిదిన్నర

సిస్టరమ్మ గారికి,

ఊరంతా నిన్ను అలాగే పిలుస్తుంది. నేనొక్కడినే పిలవకూడదని పెళ్ళయిన కొత్తలో ఆంక్ష పెట్టావు. ఇప్పుడు నువ్వు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నావు, నెత్తిన మొట్టలేవు, అందుకని ధైర్యం చేశాను. నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. అలా తలవలేకపోతున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా ధోరణిలో నేను పడి అది నాలుగో పేజీలో గానీ బయటికి రాదు. నువ్వు దిగిన టీచరమ్మ గారింటి ముందు నుంచి బండి కదిలించకు. గురువారం పొద్దున్నే ఘాట్ రోడ్డు ఎక్కుతానని నువ్వు బీరువా తలుపుకు అంటించి వెళ్ళిన కాగితంలో ఉంది. నూట తొంభై కిలోమీటర్లు. మధ్యలో పంచరు షాపు కాదు కదా, మనిషి కూడా కనబడడు. ఈ కవర్లో గుడ్డలో చుట్టిన ఉక్కు ముక్క ఒకటి ఉంటుంది, బొటనవేలంత. అది బండి వెనక స్టెప్నీకి వేసిన లాక్ నట్టు తాళం. అది లేకుండా ఆ చక్రం ఊడి రాదు. దాన్ని నీకివ్వడం మరిచిపోయాను. పన్నెండు రోజులుగా నువ్వు ఇరవై ఆరు కిలోల చక్రాన్ని వెనక కట్టుకుని ఉత్తపుణ్యానికి ఊళ్ళన్నీ తిప్పుతున్నావు.

నాలుగు టైర్లూ కొత్తవే, నేనే ఏరి వేశాను, భయం లేదు. అయినా రోడ్డు మీద పడి ఉన్న రాయికి ఆ సంగతి తెలియదు కదా.

ఇంత చిన్న మాటకు ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఎలా చెయ్యను? మొదటి రోజు పదకొండుసార్లు చేశానని నువ్వు నా నోరు కట్టేశావు. అవసరమైతే నేనే చేస్తాను, మీకేదైనా చెప్పాలనిపిస్తే ఉత్తరం రాయండి, రాసేటప్పుడైనా కాస్త ఆలోచిస్తారు అన్నావు. ఆ పదకొండింటిలో ఏడు ఫోన్లు టైర్లలో గాలి గురించే, ఒప్పుకుంటున్నాను. ఇవాళ పొద్దున్నే టీచరమ్మ గారికి చేశాను. పాపం ఆవిడ నిన్ను పిలవనా అన్నారు. వద్దన్నాను. ఒక కవరు వస్తోంది, అది వచ్చేదాకా బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి అని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగితే, కవరులో ఉంటుందని తప్పించుకున్నాను. ఈ మాట ఇంకొకరి నోటి నుంచి నీ చెవిన పడటం నాకు ఇష్టం లేదు.

పదకొండు గంటలు

మధ్యలో లేచి వెళ్ళాను. షెడ్డులో బండి నిలబెట్టిన చోట నూనె మరక ఉంది కదా, దాని మీద రంపపు పొట్టు పోసి తుడిచాను. పక్కింటివాళ్ళ సైకిలుకు గాలి కొట్టాను. వాళ్ళు అడగలేదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే గేటు దాకా వెళ్ళాలనిపిస్తోంది, గేటు దాకా వెళ్తే ఎందుకొచ్చానో తెలియడం లేదు. మోకాలు నొప్పి, నేను రాలేనని నీతో చెప్పిన మనిషి ఈ పన్నెండు రోజుల్లో ఈ వాకిట్లోనే ఎన్ని కిలోమీటర్లు నడిచాడో చూస్తే నవ్వుతావు.

ఆ చక్రం కోసం మనం ఎంత పోట్లాడుకున్నాం. రిటైరైన నెలలోనే ఆసుపత్రి వేలంలో పాత అంబులెన్సు కొనుక్కొచ్చి, ఇందులో ఇల్లు కట్టుకుని తిరుగుదాం అన్నావు చూడు, ఆ రోజు నీకు పిచ్చి పట్టిందనుకున్నాను. రెండేళ్ళలో ఆ పిచ్చి నాకూ ఎక్కింది. స్ట్రెచర్ పట్టాలు పీకి మంచం వేశాం. ఆక్సిజన్ సిలిండర్ ఉండే చోట పొయ్యి పెట్టాం. స్టెప్నీ ఉండాల్సిన చోట, బండి కడుపు కింద, నీళ్ళ ట్యాంకు బిగించాం. అక్కడే వచ్చింది చిక్కు, చక్రానికి చోటు లేకుండా పోయింది.

ఈ రోజుల్లో చాలా బండ్లకు స్టెప్నీయే ఇవ్వడం లేదు, పంచరు మందు డబ్బా ఒకటి ఇస్తున్నారు, మనకూ అది చాలు అని నువ్వు. టైరు పక్క గోడ చీలితే ఆ మందు దేనికీ పనికిరాదని నేను. మంచం కింద పెడదామంటే, ముప్పై మూడేళ్ళు ఆపరేషన్ థియేటర్లో మందుల వాసన పీల్చాను, ఇక తల కింద రబ్బరు వాసన నా వల్ల కాదన్నావు. పైకప్పు మీద వేద్దామంటే, దించేదెవరు, మీరు రారుగా అన్నావు.

చివరికి వెల్డరు వచ్చాడు, అదే, ఏ వాక్యమూ పూర్తి చెయ్యడని నువ్వు 'సగంమాట' అని పేరు పెట్టినవాడు. వెనక తలుపు మీద వేస్తే మడతబందులు... అని ఆగాడు. ఆ బరువుకు అవి ఊడిపోతాయన్న మిగతా సగం మనమే పూర్తి చేసుకున్నాం. తలుపుకు కాకుండా ఛాసిస్‌కే ఇనుప చెయ్యి ఒకటి వేయించి, గేటులా పక్కకు తిరిగేలా చేశాం. మూడు ఆదివారాలు పట్టింది. పని బ్రహ్మాండంగా కుదిరింది. కాకపోతే చక్రం సరిగ్గా వెనక అద్దానికి అడ్డం వచ్చింది. పడుకుని బయటికి చూడాలని ఆ అద్దానికున్న తెల్ల రంగును నువ్వు వారం రోజులు బ్లేడుతో గీకి తీశావు. నేను తెచ్చి దాని ముందు చక్రం పెట్టాను. నువ్వు కాసేపు చూసి, సరేలెండి, పై సగం నుంచి ఆకాశం కనిపిస్తుంది అన్నావు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది.

దానికి తాళం వెయ్యాలన్నది కూడా నా పట్టుదలే. డిపో టైరు సెక్షన్లో ముప్పై ఏళ్ళు చేసినవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? మా డిపోలో స్టెప్నీ తాళం డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్ళం కాదు. ఇస్తే కొత్త టైరు అమ్మేసుకుని దొంగలెత్తుకెళ్ళారని చెబుతారని పైవాళ్ళ అనుమానం. కాబట్టి స్టెప్నీ బస్సుకే ఉంటుంది, తాళం మాత్రం టైరు మనిషి జేబులో ఉంటుంది. దారిలో పంచరైతే డ్రైవరు ఫోన్ చెయ్యాలి, టైరు మనిషి జీపులో తాళం పట్టుకుని పరిగెత్తాలి. ఆ టైరు మనిషిని నేను. ఎన్ని భోజనాలు సగంలో వదిలి లేచానో నీకు తెలుసు. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది. మన బండికి నట్టు బిగించి తాళం చొక్కా జేబులో వేసుకున్నాను, అది అక్కడే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం పొడుగు డ్రైవరు వచ్చాడు. నాతో పాటే రిటైరైనవాడు, తల వంచకుండా మన గుమ్మంలోంచి రాలేడు, గుర్తుంది కదా. టీ పెట్టి ఇచ్చాను. నువ్వు ఒక్కదానివే బండి తీసుకుని వెళ్ళావంటే ముచ్చటపడ్డాడు. ఘాట్ రోడ్డు మాట రాగానే, ఒక ఎండాకాలం తన బస్సు ఆ కొండ మీద ఆగిపోయిన సంగతి ఎత్తాడు. నాకు బాగా గుర్తు. మా జీపు కూడా దారిలో మొరాయించి, నేను చేరేసరికి తొమ్మిది గంటలు పట్టింది. చేరగానే పావుగంటలో చక్రం మార్చేశానని, జనమంతా చప్పట్లు కొట్టారని నీకు ఒక వందసార్లు చెప్పి ఉంటాను. అతను చెప్పింది ఆ పావుగంట గురించి కాదు, అంతకు ముందు తొమ్మిది గంటల గురించి. పిల్లలు నీళ్ళకు ఏడ్చారట. ఒక పెద్దాయన సొమ్మసిల్లి బస్సు మెట్ల మీదే పడిపోయాడట. ఇదంతా అతను నవ్వుతూనే చెప్పాడు.

"చక్రం కళ్ళెదురుగా ఉందన్నా. చేతులున్నాయి, పానా ఉంది. తాళం నీ జేబులో ఉంది. ఆ రోజు నువ్వు కనబడితే కొట్టేద్దామనుకున్నా. కనబడ్డాక దణ్ణం పెట్టా."

నేనూ నవ్వాను. అతను వెళ్ళాక కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగాను. ఆ బస్సు ఆగిన చోట మన బండి, దాని మెట్టు మీద కూర్చుని నువ్వు. ఎంత దులుపుకున్నా ఆ బొమ్మ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండుంబావు

కొరియర్ ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. ఈలోగా పనికొచ్చే మాటలు రాస్తాను, శ్రద్ధగా చదువు.

టైరు పోతే కంగారుగా పక్కకు లాగకు. నెమ్మదిగా చదునైన చోటు చూసుకుని ఆపు, హ్యాండ్ బ్రేకు వేసి, బాగున్న చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. స్టెప్నీకి మూడు నట్లు ఉంటాయి. రెండు మామూలువే, పానాతో వస్తాయి. మూడోదానికి తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పానా వేస్తే జారిపోతుంది. ఉక్కు ముక్కను దాని మీద నొక్కి పట్టుకో, గాడిలో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు పానా తగిలించు. భుజం నొప్పి చేసుకోకు, పానా కొస మీద కాలు పెట్టి నీ బరువు వెయ్యి. చక్రాన్ని ఎత్తి దించకు, మంచం కింద పలక ఉంది, అది ఏటవాలుగా ఆనించి దాని మీద నుంచి జార్చు. పాడైన చక్రం నట్లు జాకీ ఎత్తకముందే కొంచెం వదులు చెయ్యి. ఎత్తాక చేస్తే చక్రం గిర్రున తిరుగుతుంది తప్ప నట్టు కదలదు. పని అయ్యాక ఆ పాత చక్రాన్ని మళ్ళీ ఇనుప చేతికి ఎక్కించాలని చూడకు. లోపల పడేసుకో. ఒక్క పూటకు ఆ రబ్బరు వాసన భరించు.

ఇవన్నీ నువ్వు చెయ్యగలవా అని నాకు అనుమానం లేదు. నూరు కిలోల మనుషుల్ని స్ట్రెచర్ మీద నుంచి బల్ల మీదికి మార్చినదానివి. ఈ మాట నువ్వు బయల్దేరేటప్పుడు అనాల్సింది. ఆ టైములో నేను ముందు టైర్లకు ఎంత గాలి, వెనక టైర్లకు ఎంత గాలి అని పాఠం చెప్పాను.

టీచరమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ స్కూటరు వెనక టైరు పోయినసారి చూసినప్పుడే బోడిగుండులా ఉంది, మార్చారో లేదో కనుక్కో.

ఇట్లు,
పనికిరాని మోకాళ్ళ యజమాని,
నీ భర్త

తా.క. మూడుంబావు. కవరు అంటించి, చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చించాను. ఇందులో ఒక అబద్ధం ఉంది. తాళం నేను మరిచిపోలేదు. నువ్వు డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం దించి, అన్నీ పెట్టారు కదా అని అడిగినప్పుడు నా చెయ్యి జేబులోనే ఉంది, తాళం నా వేళ్ళ మధ్యే ఉంది. అన్నీ పెట్టాను అన్నాను. ఎక్కడో ఒకచోట నీ టైరు పోతుందని, నువ్వు నాకు ఫోన్ చెయ్యక తప్పదని, తాళం పట్టుకుని నేను వస్తానని ఆశపడ్డాను. సంచీ కూడా సర్దుకున్నాను, అది పన్నెండు రోజులుగా తలుపు పక్కనే ఉంది. ఆ తొమ్మిది గంటలు నువ్వేం చేస్తావని ఒక్కసారైనా అనుకోలేదు. నన్ను తిట్టు, నాకు అలాగే కావాలి.

మోకాలు బాగానే ఉంది. ఇన్నేళ్ళూ నేను రోడ్డెక్కింది ఎక్కడో బండి ఆగిపోతేనే. ఏదీ చెడిపోని ప్రయాణంలో, పక్క సీట్లో కూర్చుని, నేనేం చెయ్యాలో నాకు తెలియలేదు. అది చెప్పడానికి సిగ్గేసి నెపం మోకాలి మీదికి నెట్టాను.

తాళం ఇదొక్కటే. నా దగ్గర ఇంకోటి లేదు. ఇక పంచరైతే నన్ను పిలవాల్సిన పని లేదు. పిలవాలనిపిస్తే మాత్రం, నాలుగు చక్రాలూ బాగున్నప్పుడు పిలువు. వస్తాను.