లావణ్య పేపరు మీద సున్నా

మంగళవారం, రాత్రి

ఏడో తరగతి సైన్స్ పరీక్షలో ఆ ప్రశ్న నేనే ఇచ్చాను. "మీ ఇంటి నీటికి రంగు, రుచి, వాసన లేవని నిరూపించండి." గైడులోని వాక్యానికి 'మీ ఇంటి' అని తగిలించి, గొప్ప ప్రశ్న వేశాననుకున్నాను.

లావణ్య ఇలా రాసింది: "మా బోరు నీళ్లకు రంగు ఉంది, పసుపు. వాసన ఉంది, మందుగోలీ వాసన. రుచి తెలియదు, మా అమ్మ తాగనియ్యదు. బర్రె ఒకసారి తాగింది, మళ్లీ ముట్టలేదు. రుచి గురించి దాన్ని అడగగలరు."

ఈరోజు పేపర్లు పంచుతూ ఆ జవాబు పైకి చదివాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆ జవాబుకు సున్నా వేసిన పేపరు ఆమె చేతికిచ్చాను.

"అండ్ల తప్పేమున్నది సార్?" అంది లావణ్య.

"పుస్తకంల ఉన్నది రాయాలె."

"మరి మీరు మా ఊరి నీళ్లు తాగుతరా సార్?"

"సార్‌కు నీళ్ల క్యాన్ వస్తది గదనే" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. ఈసారి నవ్వు నా మీద. "నోరు మూసుకొని కూసో" అని లావణ్యను గదిమాను. కూర్చుంది.

వాళ్ల బోరు ఫ్యాక్టరీల మురుగు కాలువ పక్కనే. మా పొలమూ అటే. ఆ నీళ్లతో నారు పోయడం మా నాన్న ఎప్పుడో మానేశాడు. అన్నీ తెలిసే సున్నా వేశాను.

సాయంత్రం రిజిస్టరులో ఆమెకు ఆ ప్రశ్నకున్న రెండు మార్కులూ వేశాను. అది ఎవరూ చూడలేదు. సున్నా మాత్రం అందరూ చూశారు. తప్పు నాదేనని రేపు అందరి ముందూ చెప్పాలి. చెప్పబోయి ఏదో జోకు వేసి తప్పించుకుంటానేమో. నా సంగతి నాకు తెలుసు.