జపాను నడికట్టు

12 ఆగస్టు 1998
మరిది అర్జునరావు వచ్చి వెళ్ళాడు. ఓడలో వంట చేస్తాడు. ఏ రేవులో ఆగినా నాకో నడికట్టు తెస్తాడు. రంగూను నుంచి ఎర్రచారల నేతది, కొరియా నుంచి పట్టుది, ఇండోనేషియా నుంచి జరీది. కట్టుకునే ధైర్యం నాకెక్కడిది! కర్పూరం వేసి పెట్టెలో దాస్తాను. ఈసారి జపానుది. తెల్ల నూలు, చాలా పొడవు, మీద అక్కడి గుడివాళ్ళ ఎర్ర ముద్ర. గుడిది వదినా, జాగర్త అని చేతిలో పెట్టి, షిప్‌కి టైమైందని పరుగెత్తాడు.

14 ఆగస్టు, శ్రావణ శుక్రవారం
గుడిది గుడికే చేరాలి. మా కంచరపాలెం వీధి అమ్మవారికి సమర్పించాను. అమ్మవారి సేవ చేసే జోగమ్మ విగ్రహం నడుముకి చుట్టింది. తల్లి ఎంత ముద్దుగా ఉందో!

19 ఆగస్టు
అర్జునరావు సింగపూర్ నుంచి పక్కింటికి ఫోన్ చేశాడు. అనూరాధకి కట్టినావా వదినా అన్నాడు. నా కోడలికి ఐదో నెల. జపానులో ఐదో నెల గర్భిణి పొట్టకి, కుక్క పేరున్న రోజు చూసి, అది కడతారట. కుక్క సులువుగా ఈనుతుంది కదా, అందుకట. అనూరాధ కోసమే పూజ చేయించి తెచ్చాడట. అమ్మవారికి ఇచ్చేశానని చెప్పేలోగా లైన్ కట్ అయింది.

కోడలికి చెప్పాను. సినమావయ్య నన్ను కుక్కని సేసేసేడేటత్తా అని నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. మొదటిది నాలుగో నెలలో పోయింది.

20 ఆగస్టు
అది కట్టుకుంటే ఇదైనా నిలబడతాదేమో కదత్తా అంది.

22 ఆగస్టు
అమ్మవారికి ఇచ్చింది తిరిగి అడగడం మా ఇంటావంటా లేదు.

23 ఆగస్టు
అడిగాను. అమ్మ ఒంటిమీద బట్ట ఇప్పమంటావేటే, బుద్ధుందా అని జోగమ్మ వీధంతా వినబడేలా అరిచింది. ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాను. అయినా కొబ్బరికాయ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కోడలి సంగతంతా చెప్పాను. పొరపాటు నాది, కడుపులో బిడ్డది కాదన్నాను. ముందే సెప్పి ఏడవొచ్చు గదే అంటూ జోగమ్మ ముడి విప్పింది. అంచు పళ్ళతో కొరికి బర్రున చింపింది. సగం మళ్ళీ అమ్మవారికి చుట్టి, సగం నా చేతిలో పెట్టింది. ఇద్దరికీ సాల్తాదిలే, పో అంది.

24 ఆగస్టు, ఉదయం
కుక్క రోజో కాదో, అనూరాధకి కట్టాను. ముడి వేస్తుంటే నా అరచేతికి లోపలి నుంచి ఒక తన్ను. బట్ట చింపించానని అమ్మవారికి ఇంకా కోపం పోలేదే అన్నాను. అనూరాధ పడీపడీ నవ్వింది. నడికట్టు జారిపోయింది. మళ్ళీ చుట్టాను.