నొప్పి లేని మోకాలు

జూన్ 12
మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయి ఏడాది. ఇక త్రోబాల్ ఆడుకోవచ్చంటాడనుకుంటూ వెళ్ళాను. డాక్టర్ ఎక్స్‌రే తెర మీద పెట్టి పెన్నుతో చూపించాడు. కొత్త లిగమెంట్ దూర్చడానికి ఎముకలో చేసిన రంధ్రం పూడాల్సింది పోయి వెడల్పవుతోందట. ఎందుకని అడిగితే, కొందరికి అవుతుందట... అంతే. లిగమెంట్ వదులైపోతే ముందు ఆ గుంట ఎముకతో నింపాలి, అది గట్టిపడ్డాక మళ్ళీ లిగమెంట్. అంటే రెండు ఆపరేషన్లు. సెప్టెంబర్‌లో సీటీ స్కాన్. అప్పటిదాకా గెంతకూడదు, గిరుక్కున తిరగకూడదు.
నొప్పే లేదు డాక్టర్, అంటూనే ఉన్నాను. తల ఊపాడు.

జూన్ 13
మా ఆయన కిరణ్‌కి చెప్పాను. "త్రోబాల్ మానెయ్. పోయేదేముంది?"
పోయేదేముందట! వారమంతా ఆఫీసు, వంట, పిల్లని డ్రాప్ చేయడం, పికప్ చేయడం. శనివారం ఆ కోర్టులో ఒక్కచోటే నేను ఎవరి అమ్మనీ కాదు, ఎవరి భార్యనీ కాదు. వెళ్ళి గిన్నెలు తోమాను. కాస్త చప్పుడుగానే.

జూన్ 20
అత్తయ్య వైద్యం మొదలు. "స్కాన్లూ గీన్లూ ఎందుకమ్మాయ్, నల్లేరు పచ్చడి తింటే విరిగిన ఎముకే అతుక్కుంటుంది." వెనక వీధి ఆంటీ కుండీలో పెంచుతోందట, అత్తయ్య వెళ్ళి కోసుకొచ్చేసింది. దేశం కాని దేశంలో, ఈ ఫ్రిస్కోలో నల్లేరు! చేతులకి నూనె రాసుకోకుండా కణుపులు తీశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మోచేతుల దాకా ఒకటే దురద. పచ్చడి మాత్రం బాగుంది.

జూన్ 28
టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వాట్సాప్‌ నిండా సలహాలు. ప్రాక్టీస్‌లో ఓ పక్కన కూర్చున్నాను. మా కెప్టెన్ స్వప్న ఊరుకోదే — "అక్కా, ఉత్త సర్వీస్ చెయ్." చేశాను. బంతి నెట్ దాటి మూలన పడింది. అందరూ కేకలు. ఎంత సంతోషమేసిందో!
కాలు కిక్కురుమనలేదు. నొప్పి ఉన్నా బాగుండేది, మాట వినేదాన్ని.

జూలై 9
"తగ్గిందా?" అత్తయ్య. అసలు కనపడితే కదా తగ్గడానికి.

జూలై 21
ఆఫీసు. మెట్లు. పచ్చడి.

ఆగస్టు 8
రేపే టోర్నమెంట్. స్వప్న ఫోన్. స్రవంతికి జ్వరం, ఏడుగురు కావాలి, ఆరుగురే ఉన్నారు. "వెనక మూల నిలబడు చాలు అక్కా."
అప్పుడు చెప్పేశాను. ఎముక సంగతి, రెండు ఆపరేషన్ల సంగతి, అన్నీ.
"ఇన్ని రోజులు చెప్పలేదేంది అక్కా? వద్దు, నువ్వు రాకు. ఎవర్నో ఒకర్ని చూస్కుంటం."
ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండింది. బతిమాలి ఉంటే నేనే కాదనేదాన్ని. వద్దంటుందా!

ఆగస్టు 9, పొద్దున్న
ఏడో మనిషి దొరకలేదని గ్రూప్‌లో మెసేజ్.
బాత్‌రూమ్‌లో గోడ పట్టుకుని గొంతుక్కూర్చున్నాను, లేచాను. నొప్పి లేదు. ఇంకోసారి... లేదు.
వస్తున్నా అని టైప్ చేశాను. తుడిచేశాను. మళ్ళీ టైప్ చేశాను... ఇంకా పంపలేదు.
ఇందాక హాల్లోకి వస్తే అత్తయ్య కాఫీ తాగుతోంది. "పొద్దున్నే ఎక్కడికమ్మాయ్?"
"మ్యాచ్ చూడ్డానికి అత్తయ్యా."
కింద నించి పై దాకా చూసింది. "చూడ్డానికైతే ఆ ఆట బూట్లెందుకే?"