మడమలో మేకు

శాండ్‌హిల్స్, నెబ్రాస్కా
మార్చి 17, 1986

చిరంజీవి ట్వైలాకు నాన్న దీవెనలు.

ప్రభువు కృప వలన ఇక్కడ నేను, మీ అమ్మ, కుక్కలు, పడమటి దొడ్డిలో ఈనుతున్న ఆవులు అందరం బాగానే ఉన్నాం. నెవాడాలో నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరంలో లేదు. నీ పాదాలెలా ఉన్నాయో మాత్రం ఉంది. కాబట్టి నేనూ పాదాల దగ్గరే మొదలుపెడతాను. ప్రభువు కూడా సిలువకు ముందు శిష్యుల పాదాలే పట్టుకుని కడిగాడు.

నాలుగు నెలల తర్వాత వచ్చిన నీ ఉత్తరం సగం కాగితం కూడా లేదు. అందులో మూడు ప్రశ్నలు. నీ గుర్రం ఎలా ఉంది? రోజూ తొడుక్కోవడానికి ఎలాంటి బూట్లు కొనాలి, ఇప్పుడున్నవి మడమలు కోసి రక్తం తీస్తున్నాయి. ఇంట్లో వదిలేసిన పాత బూట్లు ఇంకా ఉన్నాయా, ఉంటే పంపిస్తారా? మొదటి రెండింటికీ ఇప్పుడే చెబుతాను. మూడోదానికి వస్తాను. తప్పించుకోను. కాస్త ఊపిరి తీసుకోనీ.

నీ గుర్రం బిస్కెట్ దివ్యంగా ఉంది. చలికి బొచ్చు పెంచి ఎలుగుబంటిలా తయారైంది. కొట్టం గడియ నోటితో తీయడం నేర్చుకుంది. మీ అమ్మ దాన్ని తిట్టే తిట్లు ఫరోకు కూడా పడి ఉండవు.

ఇక బూట్లు. ఈ విషయంలో నేను ఏ పెద్దల సభకూ లొంగను, విను.

సాయంత్రం పూట కొను. రోజంతా నిలబడి ఉబ్బిన పాదమే నీ అసలు పాదం. పనిలో వేసుకునే మందపు మేజోళ్ళతోనే కొట్టుకు పో. కొట్టువాడు చెప్పే అంకెను నమ్మకు. బొటనవేలి మొదట్లో పాదం ఎక్కడ వెడల్పుగా ఉందో, బూటు కూడా సరిగ్గా అక్కడే వెడల్పుగా ఉండాలి. నీకు ముందు వెడల్పు, మడమ సన్నం. ఆ పాదం నాది తల్లీ. మీ అమ్మ పాదం వచ్చి ఉంటే నీకీ కష్టం లేకపోయేది.

తాళ్ళు లేని బూటును కాలికి పట్టి ఉంచేది పాదం పైన మెట్టలా లేచిన భాగం ఒక్కటే. అక్కడ కాస్త మొరాయించి, టప్పుమని లోపలికి దిగాలి. దిగాక బిగువు ఉండాలి, నొప్పి ఉండకూడదు. మడమ మొదట్లో చిటికెనవేలి మందం పైకి లేస్తుంది. బెదరకు. అడుగుతోలు వంగడం నేర్చుకున్నాక అది ఆగిపోతుంది. కొత్త విశ్వాసి కూడా మొదట్లో కాస్త జారతాడు. అసలు లేవలేదంటే ఆ బూటు చిన్నది. నువ్వు కొన్నది అదే అయి ఉంటుంది. కొట్టువాడు మగపిల్లల సైజు చేతిలో పెట్టి, ‘సాగుతుందిలేమ్మా’ అని ఉంటాడు. తోలు వెడల్పుకు సాగుతుంది, పొడవుకు సాగదు. వాడి కోసం ప్రార్థన చెయ్యి, కాని మళ్ళీ వాడి దగ్గర కొనకు.

అక్కడి మగాళ్ళ ఎత్తు మడమలు చూసి మోజుపడకు. గుర్రం మీద ఎంతసేపుంటావో, కంచెల వెంట అంతకు రెట్టింపు నడుస్తావు. ఒకటిన్నర అంగుళం, నిటారు మడమ చాలు. అంతకు తగ్గించకు. కాలు జీను రికాబులోంచి అవతలికి దూరిపోకుండా ఆపేది అదే. అడుగు తోలుదే తీసుకో. గుర్రం పడితే కాలు జారి బయటికి రావాలి, రబ్బరులా పట్టుకుని వేలాడకూడదు. అంచు చుట్టూ కుట్టు ఉందో లేదో గోటితో తడుము. జిగురుతో అతికించినది ఒక్క చలికాలానికే నోరు తెరుస్తుంది. కుట్టినదానికి అడుగు మార్చుకుంటూ పోతే పైతోలు పదేళ్ళు నడుస్తుంది. అడుగు నడిమి భాగంలో చెక్కమేకులు కొట్టారా అని అడుగు. చెక్క తోలుతోపాటు ఉబ్బుతుంది, తోలుతోపాటు ఆరుతుంది. ఇనుపమేకు తుప్పుపట్టి తోలును తినేస్తుంది. ఇనుపమేకు సంగతి నాకు బాగా తెలుసు. దానికీ వస్తాను.

మెరుగు పెట్టని ఆవుతోలు తీసుకో, నూనె బాగా తాగినది. తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకు. నిండా ఓట్స్ గింజలు పోసి ఉంచితే చెమ్మంతా పీల్చేస్తాయి. ఆ గింజలు గుర్రానికి పెట్టు. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు ఎడారిలో నడిచినా కాలి చెప్పులు అరగలేదని వాక్యం చెబుతోంది. అది దేవుడు కుట్టిన కుట్టు. మనుషులు కుట్టినది మాత్రం తడిమి చూసే కొనాలి.

ఇప్పుడు ఇంటి కబురు. మన గుడిలో నేను ఇక ప్రసంగించను. సిగ్గుతో చెప్పడం లేదు, తల ఎత్తుకునే చెబుతున్నాను.

అక్టోబరులో నేనేం చెప్పానో నీకు గుర్తుచేయనక్కర్లేదు. స్త్రీ పురుషుడి బట్ట కట్టకూడదన్న మోషే మాట పట్టుకుని, పశువుల పనికి నెవాడా పోతానన్న కూతుర్ని పేరెత్తకుండా, వేదిక మీంచి ఊరందరి ముందూ మాటలతో కొట్టాను. నువ్వు మధ్యలో లేచి, ఆ చెక్క నేల మీద బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయావు. మేం ఇంటికొచ్చేసరికి పొయ్యి పక్కన నీ బూట్లున్నాయి, వాటి మీద ‘ఇవి మీరు కొన్నవి’ అని చీటీ ఉంది. గుడ్డ బూట్లతో బస్సెక్కావని తర్వాత తెలిసింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు అదే పేజీ మళ్ళీ తీశాను. నిజం చెబుతున్నాను, నీకు జవాబుగా ఇంకో ప్రసంగం రాద్దామనే తీశాను. మీ అమ్మ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా అంది: “అది పాదాల గురించి అడిగింది. పాపం గురించి అడగలేదు.”

అక్టోబరు తర్వాత ఆమె నాతో అన్న పొడుగాటి మాట అదే. నేను తల దించుకున్నాను. అప్పుడు కన్ను పేజీ పైభాగానికి పోయింది. నేను నోటికి చెప్పేది అయిదో వచనం. దాని పైన నాలుగున్నాయి. తోటివాడి ఎద్దు తప్పిపోయి కనబడితే చూడనట్టు పోవద్దు, ఇంటికి తోలుకురా. వాడి గాడిద దారిలో పడిపోతే నిలబడి లేపు. ఇరవై మూడేళ్ళు వాక్యం చెప్పినవాణ్ణి, ఆ నాలుగూ దాటుకుని వచ్చి అయిదోదానితో నిన్ను కొట్టాను. తప్పిపోయింది నువ్వని అనడం లేదు. దారిలో పడిపోయిన గాడిద ఎవరో నాకు తెలిసింది.

తర్వాతి ఆదివారం ఆ నాలుగు వచనాలే ప్రసంగించాను. మంగళవారానికల్లా సంఘ పెద్ద హార్లన్ టీడ్ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చి మన వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

“బ్రదర్ డెల్మర్, అక్టోబరులో ఒకటి, మార్చిలో ఒకటి చెబితే జనం వాక్యాన్ని రేడియోలో వాన కబురు అనుకోరూ?” అన్నాడు.

“వాక్యం మారలేదు హార్లన్. చెప్పినవాడికి బుద్ధి వచ్చింది.”

“ఆడపిల్ల మగాడిలా బూట్లేసుకుని మందలెంట తిరగడం నీకు ఒప్పేనా అయితే?”

మీ అమ్మ కాఫీ పోస్తూ కలగజేసుకుంది. “హార్లన్, మీ ఆవిడ ఆవు కడుపులోంచి దూడను లాగేటప్పుడు గౌనేసుకుంటుందా?”

“అది వేరే సంగతి ఆర్డిత్.”

“వేరే ఏముంది? దూడ వేరా, పేడ వేరా?”

వెంట వచ్చిన ఇద్దరూ కప్పుల్లోకి చూసుకున్నారు. హార్లన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. “వచ్చే రెండు వారాల్లో మాట వెనక్కి తీసుకుంటే సరే. లేదంటే ఆ వేదిక ఎక్కొద్దు,” అన్నాడు.

ఇక నీ మూడో ప్రశ్న, ట్వైలా.

నీ పాత బూట్లు ఉన్నాయి. ఎక్కడున్నాయో చెబుతాను. నువ్వు వెళ్ళిన మర్నాడు, పొద్దున్నే సుత్తి పట్టుకుని రోడ్డు గేటు దగ్గరికి పోయాను. ఒక బూటు ఎడమ గుంజకు, ఒక బూటు కుడి గుంజకు తలకిందులుగా తొడిగి, మడమలోంచి మేకు దిగ్గొట్టాను. మన ఊళ్ళవైపు గుంజ మీద బూటు తిరగేస్తే ఏమని అర్థమో నీకు వేరే చెప్పాలా? ఇంక తొడుక్కునే మనిషి లేదని. ఆ కోపంలో నేను లోకానికి చెప్పదలచింది కూడా అదే.

దాణా లారీవాడు గేటు దగ్గర లారీ ఆపి టోపీ తీశాడు. మధ్యాహ్నానికి పక్క పొలం వెల్డా, జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపల గిన్నె పట్టుకుని, కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. “ఎలా జరిగిందయ్యా?” అని అడిగింది. నేను ‘పిల్ల బతికే ఉంది’ అనాలి. అనలేదు. “దాని ఊసు ఎత్తకు,” అని గిన్నె అందుకుని తలుపేసుకున్నాను. పొద్దుగూకే లోపల అడుగున పేర్లు అంటించిన గిన్నెలు ఏడు వచ్చాయి.

మీ అమ్మ ఒక్క ముద్ద ముట్టలేదు. నేను తిన్నాను. తల్లీ, నువ్వు బతికుండగా నీ చావు కూడు నేను తిన్నాను. వెల్డా గిన్నెలోది రెండోసారి వడ్డించుకుని కూడా తిన్నాను.

మర్నాడు మీ అమ్మ ఫోన్లు చేసి అందరికీ నిజం చెప్పింది. ఆ తర్వాత గిన్నెల కోసం ఒక్కరూ రాలేదు. అవి అటక మీద నాలుగు నెలలు బోర్లా పడి నన్ను చూస్తూనే ఉన్నాయి. బూట్లు మంచులో నానాయి, ఎండలో బిగిశాయి. నేను రోజూ వాటి మధ్యలోంచే బండి పోనిచ్చాను. సర్పం స్త్రీ సంతానాన్ని మడమ మీద కొడుతుందని బైబిలు మొదటి పుస్తకంలోనే ఉంది. నా కూతురి మడమ మీద కొట్టడానికి సర్పం రానక్కర్లేకపోయింది. ఇప్పుడు నీ మడమల్లో రక్తం కారుతోందంటే, నెవాడా కొట్టువాణ్ణి తిట్టి ఏం లాభం? నీ కాలికి సరిపోయినవి నా గుంజల మీద ఉన్నాయి.

వాటిని ఊడబీకి పట్నంలో బాల్డొమెరో దగ్గరికి తీసుకుపోయాను, మన బూట్లకు ఎప్పుడూ కొత్త అడుగులు వేసే ముసలాయన. ఆయన మడమలో చిల్లు చూసి బల్ల మీద పెట్టేశాడు.

“పోయినవాళ్ళ బూట్లకు అడుగు వెయ్యను సార్. ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు.”

“మరి మేకు?”

“నా కోపం.”

ఆయన ఆ చిల్లులో వేలు పెట్టి తిప్పాడు. “తోలు చచ్చిపోలేదు. నూనె పడితే లేస్తుంది. అడుగులూ మడమలూ కొత్తవి వేస్తాను. ఆ సుత్తి మాత్రం మీ ఇంట్లో ఉంచకండి,” అన్నాడు.

ఈ ఉత్తరంతోపాటు వస్తున్న పెట్టెలో ఉన్నవి అవే. ముందు గంటసేపు తొడుక్కుని నడిచి చూడు. పాత మడమల చెక్కలు కూడా అందులోనే పెట్టాను, మేకు చిల్లులతో సహా. దాచి పంపడం నాకు ఇష్టం లేదు. పొయ్యిలో వేస్తావో, నేను వచ్చినప్పుడు నా ముఖాన కొడతావో నీ ఇష్టం. బూట్లలో ఓట్స్ పోశాను.

మొన్న శనివారం ఏడు గిన్నెలూ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాను. ప్రతి గడప దగ్గరా టోపీ తీసి, నేను చేసింది చెప్పాను. వెల్డా గిన్నె అందుకుని, “అయితే పిల్ల చావులోంచి లేచిందన్నమాట,” అంది. “చనిపోయిన యాయీరు కూతుర్ని లేపాక ప్రభువు ఏమన్నాడు? ముందు దానికి తిండి పెట్టమన్నాడు. నువ్వేమో దాని తిండి కూడా తినేశావు.”

నిన్న ఆదివారం. హార్లన్ ఇచ్చిన గడువు. పేడ అంటిన పని బూట్లతోనే వేదిక ఎక్కాను. “వెనక్కి తీసుకుంటున్నాను, అక్టోబరు ప్రసంగాన్ని,” అన్నాను. “మార్చిది మీ దగ్గరే ఉంచుకోండి.” బైబిలు చంకన పెట్టుకుని దిగి, అదే చెక్క నేల మీద నడిచాను. నా బూట్లు నీవాటిలాగే టకటకలాడాయి. మీ అమ్మ లేచింది. వెల్డా లేచింది. ఇంకెవరు లేచారో నేను తిరిగి చూడలేదు. వెనక్కి చూసి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య కథ నాకు తెలుసు. వచ్చే ఆదివారం నుంచి పశువుల సంత కొట్టంలో వాక్యం చెబుతాను. అక్కడ బూట్లు ఎలాంటివని ఎవడూ అడగడు.

ఇంటికొచ్చి, ఇరవై ఏళ్ళ సేవకని పెద్దలు బహుమతిచ్చిన నిప్పుకోడి తోలు బూట్లు బయటికి తీశాను. యోబుతో దేవుడు చెప్పిన పక్షి అదే, తన పిల్లలు తనవి కానట్టు కాఠిన్యం చూపించేది. అక్టోబరులో అవి తొడుక్కునే నిలబడ్డాను. ఇవాళ పొద్దున అదే సుత్తితో, అవే గుంజలకు, అవే చిల్లుల్లో వాటిని తిరగేసి కొట్టాను. సుత్తి ఇందాకే బాల్డొమెరోకి ఇచ్చేసి వచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి మన గుమ్మంలో వెల్డా నిలబడి ఉంది, చేతిలో అదే గిన్నె, వేడిగా.

“ఈసారి ఎవరయ్యా?” అంది.

“అక్టోబరులో ప్రసంగించినవాడు.”

“వాడా? అయితే వండింది దండగ కాలేదు.”

ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. నీ కుర్చీ గోడ దగ్గర్నుంచి లాగి బల్లకు వేసింది మీ అమ్మ. తర్వాత గిన్నె తన వైపు జరుపుకుని, రెండోసారి వడ్డించుకుంది.

ఇట్లు,
నీకా పాదం ఇచ్చిన నేరస్థుడు,
నీ నాన్న
డెల్మర్ క్రోగ్