ముడి వెయ్యని కుట్టు

మన్షిక్, కుర్చీ మీదున్న తెల్ల ప్యాంటు తొడుక్కోకు. నేను ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు నుంచి మధ్యాహ్నం వచ్చేదాకా దాని మీద చెయ్యి కూడా వెయ్యకు. సాయంత్రం పడవల పూజకి అందరూ పాతకాలం బట్టల్లోనే వస్తారని నాకూ తెలుసు. ఆ లోపు సరిచేసి ఇస్తాను. ముల్లంగి సూప్ పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తాగు.

మొదటిసారి కుట్టిన ప్యాంటు కదా అని పొద్దున్నే వీడియో కాల్‌లో నాయనమ్మకి గొప్పగా చూపించాను. లోపలి కుట్లు తిప్పి చూపించమంది. "దారం కొసల్లో ముడులేవే?" అంది. "నువ్వు కుట్టినట్టే కుట్టాను నాయనమ్మా" అన్నాను.

"అధిక మాసంలో నేను కుట్టుకున్నవి చూసి నేర్చుకున్నావా? అవి నేను పోయాక నాకు తొడిగే బట్టలే, పిచ్చిమొహమా. పోయేవాళ్ళని ఇక్కడ కట్టెయ్యకూడదని వాటికి ముడి వెయ్యం. బతికున్నవాడికి ముడి ఉండాలి" అంది.

పూజ అవగానే నువ్వు పడవెక్కుతావు. నిన్న అది తొడిగి చూసుకుని, "అక్కా, ఒంటి మీద ఉన్నట్టే లేదు" అన్నావు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది.

నవ్వుతావు, తెలుసు. నవ్వుకో. ఎంత మొత్తుకున్నా లైఫ్ జాకెట్ వేసుకోనివాడికి నా భయం ఏం తెలుస్తుంది.

అక్క

చెప్పడం మర్చిపోయాను. నువ్వు నిద్రలో ఉండగా నీ బనీను అంచుకి దారంతో ఒక ముడి వేశాను. విప్పకు.