పసుపు గుండ్రం

మార్చి 3, సోమవారం

చెరిపేసినది ఎక్కడికి పోతుంది?

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. ఎమ్మే ఫిలాసఫీ క్లాసులో లేచి అడిగాను. మాస్టారు ఓ క్షణం నన్ను చూసి, ఎండన పడి వచ్చావా అమ్మా, కాసేపు ఫ్యాను కింద కూర్చో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా ఉద్యోగంలో సగం చెరపడమే.

ఇవాళ అది గుర్తు రావడానికి కారణం పెద్దమేడం. మా హోమ్ నడిపేది ఆవిడే. ఇళ్ళల్లోంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డ ఆడవాళ్ళు పిల్లలతో తలదాచుకునే చోటు ఇది. కింద కుట్టుగది, పైన నా గది. వాళ్ళు కుట్టిన సంచులూ గౌన్లూ ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టడం నా పని. ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్‌కీ, వెబ్‌సైట్ ప్రోగ్రామ్‌కీ ఇక చందా కట్టలేమన్నారు. ఫ్రీవి ఉంటాయటగా, అవి చూడు అన్నారు, ఇంకో కప్పు టీ అడిగినంత తేలిగ్గా.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి భక్తుడు. అక్కా, ఫ్రీ అంటే నాసిరకం అనుకుంటున్నావు, వేలమంది కూర్చుని అందరికోసం రాసిపెట్టారు, నువ్వు ఇన్నాళ్ళూ డబ్బు కట్టి ఏడ్చావు, ఇప్పుడు హాయిగా ఏడుద్దువు గాని అన్నాడు. సాయంత్రం వచ్చి రెండూ ఇన్‌స్టాల్ చేసి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి వెళ్ళాడు.

మార్చి 5, బుధవారం

పదిహేనేళ్ళు వండిన వంటింట్లో ఎవరో డబ్బాలన్నీ మార్చి సర్దేసినట్టుంది. ఉప్పనుకుని తీస్తే పంచదార. అన్నీ ఉన్నాయి, నేను చెయ్యి చాపిన చోట మాత్రం లేవు.

సేవ్ వేరు, సైట్‌లో పెట్టేలా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ వేరు ఇందులో. ఎక్స్‌పోర్ట్ నొక్కితే చిన్న చిన్న గళ్ళు వరసగా వస్తాయి. ఇది ఉంచనా, అది ఉంచనా అని అడుగుతుంది. సగం అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఏదీ పారేయకుండా ఉంచుకోవడం నా స్వభావం. తెగిన చెప్పులు కూడా ఉంచుతాను. అన్నిటికీ టిక్ పెట్టేశాను.

మార్చి 7, శుక్రవారం

సైట్ పైకెక్కింది. పాతదానికన్నా బాగుందని పెద్దమేడం అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం అంటే మాటలు కాదు.

హోమ్‌లో రెండు రూల్స్ గట్టివి. కుట్టుగదిలో పని మొదలయ్యాక అక్కడివాళ్ళ ఫోన్లన్నీ రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, ఒంటిగంటకి భోజనాలప్పుడు ఇస్తారు. రెండోది, ఏ ఫొటోలోనూ ముఖం ఉండకూడదు. అందుకే అన్నీ చేతుల ఫొటోలే. ఒక్కదాన్లో తప్ప.

అందులో మెషినక్క ఉంది. నాకన్నా పదేళ్ళు చిన్నది, అయినా అందరికీ అక్కే. పాపతో పాటు ఆర్నెల్ల కింద వచ్చింది. ఇప్పటికి రెండు ఊళ్ళు మారింది. రెండో ఊరికి భర్త ఎలా వచ్చాడంటే, పాప స్కూల్ గ్రూప్ ఫొటో చూసి. వెనక వరసలో పోస్టల్ స్టాంపంత ముఖం. ఆ రోజు పడ్డ కుట్లు చెవి వెనక నాకు చూపించింది. డాక్టరు ఎంత వంకరగా వేశాడో చూడండి మేడం, నేనైతే నీటుగా వేసేదాన్ని అని నవ్వింది.

ఫొటోలో కూడా అలాగే నవ్వుతోంది, మెషిన్ మీంచి తలెత్తి, భుజాలు ఎగరేసి. ఆ భుజాలు నచ్చాయి నాకు. పైనుంచి కత్తిరిస్తే అవీ పోతాయి. అందుకని ముఖం మట్టుకు ప్రోగ్రామ్‌లోని రబ్బరుతో చెరిపాను. చెరిపిన చోట పేజీ రంగు కనబడుతుంది. తల ఉండాల్సిన చోట పసుపు గుండ్రం.

సాయంత్రం చూపించాను. అచ్చం నిమ్మకాయలా ఉన్నానే అంది.

మార్చి 8, శనివారం

చాలా రోజుల తర్వాత నా పని మీద నాకు అనుమానం లేదు.

మార్చి 26, బుధవారం, ఉదయం 10

అక్షరాలు నావిలా లేవు.

కరపత్రానికి ఫొటో కావాలని ప్రింటింగ్ ప్రెస్ అతను అడిగాడు. అసలు ఫైల్ వెతకడం బద్ధకమై, సైట్‌లోంచి మెషినక్క ఫొటోనే దింపి, కంప్యూటర్‌లో ముందునుంచీ ఉండే మామూలు పెయింట్ ప్రోగ్రామ్‌లో తెరిచి, వేరే రకంగా సేవ్ చేశాను. మళ్ళీ తెరిస్తే పసుపు గుండ్రం లేదు.

మెషినక్క ఉంది. పళ్ళు, కళ్ళు, నుదుటి మీద వెంట్రుక, అంతా ఉంది. నా వైపే చూసి నవ్వుతోంది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, ఎవరో గదిలోకి వచ్చినట్టు.

మధ్యాహ్నం 12

ఫొటో తీసేశాను. సర్వర్‌లోంచి కూడా.

తమ్ముడికి ఫోన్ చేశాను. విని నెమ్మదిగా చెప్పాడు. రబ్బరు ముఖాన్ని తీసెయ్యలేదట, కనబడకుండా మాత్రమే చేసిందట. కనబడని చోట ఉన్న రంగులని కూడా ఉంచనా అని ఎక్స్‌పోర్ట్ అప్పుడు ఒక గడి అడుగుతుందట. నేను ఉంచమన్నాను. ప్రోగ్రామ్ చక్కగా అడిగిందక్కా, నువ్వే చదవలేదు అన్నాడు. వెంటనే నొచ్చుకుని, ఎవరికైనా జరుగుతుందిలే అన్నాడు.

ఎవరికైనా జరగదు. నాకే జరుగుతుంది. ఏదీ పోగొట్టుకోకూడదని అన్నిటికీ టిక్ పెట్టేది నేనే కదా.

పందొమ్మిది రోజులు. సైట్‌లో మా అడ్రస్ లేదు, కానీ ఊరి పేరుంది, ఫోన్ నంబరుంది. భర్త ఇలాంటి సైట్లన్నీ వెతుకుతాడని మెషినక్కే చెప్పింది.

మార్చి 27, గురువారం

సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసుకునే లాగ్ ఉంటుంది. తమ్ముడు చెప్పినట్టు తెరిచాను. పేజీ చూసేవాళ్ళకి అన్ని బొమ్మలూ కలిసి వస్తాయి. నేను దింపింది కాక, నాలుగుసార్లు మాత్రం ఎవరో ఆ ఒక్క ఫొటోనే విడిగా తెరిచారు. నాలుగు రోజులు, నాలుగు వేరు వేరు ఇంటర్నెట్ నంబర్లు. ఫోన్లకి ఈ నంబర్లు మారుతూనే ఉంటాయి, వాటిని బట్టి ఏమీ తెలియదన్నాడు తమ్ముడు. మూడు ఒంటిగంటకీ రెండుకీ మధ్య. ఒకటి ఉదయం 11:10.

మార్చి 28, శుక్రవారం

పెద్దమేడంకి చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో తెలుసు. అనుమానం వస్తే చాలు, గంటలో తల్లీబిడ్డల్ని వేరే ఊరు పంపేస్తారు. మంచి రూలే. పోయినసారి అలా బయల్దేరినప్పుడు పాప బస్సులో జ్వరంతో సొమ్మసిల్లిందట. ఈ ఊళ్ళో దానికి మొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది. జడకి ఆ పిల్ల ఇచ్చిన రిబ్బనే కట్టుకుంటుంది. పరీక్షలు ఇంకో పది రోజుల్లో.

ఇవన్నీ నిజాలే. నా ఉద్యోగం పోతుందన్న భయం కూడా నిజమే. ఏది ఎంత పాలో నాకు తెలియడం లేదు.

గేటు చప్పుడైతే కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాను. ఇవాళ ఏడుసార్లు. పాలవాడు, మీటరు చూసేవాడు, గాలి.

మార్చి 31, సోమవారం, మధ్యాహ్నం 2

చెప్పేశాను. పెద్దమేడంకి కాదు, మెషినక్కకే. కుట్టుగదిలో అందరూ భోజనాలకి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, ముఖం పోలేదు, అడుగునే ఉండిపోయింది, ఎవరో నాలుగైదుసార్లు ఆ ఫొటో తెరిచారు అన్నాను.

పంటి కింద దారం తెంపి నా వైపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది. అయ్యో డిజైన్ మేడం, దీనికా మీ మొహం అలా పీక్కుపోయింది, అది నేనే కదా అంది.

పాపకి చూపిద్దామని భోజనాలప్పుడు తన ఫోన్‌లోకి దింపుకుందట. దాన్ని ఫ్రేము పెట్టే యాప్‌లో తెరిస్తే నిమ్మకాయ పోయి తను వచ్చిందట. ఫోన్ నిండిపోయి రెండుసార్లు ఫొటో పోతే రెండుసార్లు మళ్ళీ దింపుకుందట. తన ఫొటోలన్నీ భర్త పొయ్యిలో పెట్టాడు, ఇది తప్ప ఒక్కటీ లేదు. మీరు కావాలనే నాకోసం అడుగున దాచారనుకున్నా మేడం, రూలుకి రూలూ నిలబడింది, నాకు నేనూ దొరికాను అనుకున్నా అంది.

పెద్దమేడంకి చెప్పకండి, ఊరికే హడావుడి చేస్తారు, పాప పరీక్షలు కానివ్వండి అంది. నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ధైర్యం చెప్పాల్సింది నేను.

మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

సాయంత్రం 4

మూడుసార్లు. మొదట ఒకసారి, తర్వాత రెండుసార్లు. మూడూ భోజనాలప్పుడే.

11:10కి ఫోన్లు రేకు పెట్టెలో ఉంటాయి.

ఏప్రిల్ 1, మంగళవారం

తమ్ముడు అంటాడు, తొంభై పాళ్ళు అది గూగుల్ లాంటివాళ్ళ సెర్చ్ రోబో అక్కా, మనిషి కాదు, బొమ్మలు ఏరుకుంటూ తిరుగుతూ ఉంటాయి అవి. మిగతా పది పాళ్ళ సంగతేంట్రా అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం, ఉదయం 11:10

నాలుగోదాని గురించి మెషినక్కకి చెప్పలేదు. చెబితే ఈ పూటే వెళ్ళిపోతారు, బహుశా ఒక రోబోకి భయపడి. చెప్పకపోతే ఇక్కడే ఉంటారు, బహుశా అతను వచ్చేదాకా.

కింద మెషిన్ నడుస్తోంది. అది ఆగినప్పుడల్లా నా పెన్ను ఆగుతోంది. మళ్ళీ మొదలైతే రాస్తున్నాను.

చెప్పాలో వద్దో నాకింకా తేలడం లేదు.